గాలిని మళ్ళీ క్లాసులోకి రానివ్వండి: ఫస్టియర్ ఫిజిక్స్‌ని సిమ్యులేషన్లతో చెప్పే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

మొదటిసారి క్లాసులో సిమ్యులేషన్ పెట్టిన రోజు పిల్లలకి భలే నచ్చింది. ప్రొజెక్టర్ మీద బంతి ఎగురుతుంటే, దాని పక్కన బాణం గుర్తులు పెరుగుతూ తగ్గుతూ ఉంటే వెనక బెంచీ వాళ్ళు కూడా తలెత్తి చూశారు, నాకూ సంతోషమేసింది. వారం తర్వాత చిన్న టెస్ట్ పెట్టి, నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి పైన ఆగిన క్షణంలో యాక్సిలరేషన్ ఎంత అని అడిగితే సగానికి పైగా "సున్నా" అని రాశారు (ఆగిన క్షణంలో కూడా గ్రావిటీ లాగుతూనే ఉంటుంది, కాబట్టి సున్నా కాదు). ఏ సిమ్యులేషనూ చూపించని ఏడాది పిల్లలు రాసిన తప్పే ఇది కూడా. బంతి పైకెళ్ళి ఆగి కిందికి రావడం అందరూ చూశారు, కానీ తాము ఏం అనుకుంటున్నారో ముందు ఎవరూ చెప్పలేదు కాబట్టి, చూసినదానికీ అనుకున్నదానికీ ఎక్కడ తేడా వచ్చిందో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత చాలా మార్చుకున్నాను. ఇప్పుడు క్లాసులో వాడుతున్న పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను, ఫిజిక్స్ చెప్పేవాళ్ళకి, కొత్తగా చేరిన లెక్చరర్లకి, సొంతంగా చదువుకునేవాళ్ళకి కూడా పనికొస్తుందని నమ్మకం.

ముందు "రియలిస్టిక్" అంటే ఏంటో తేల్చుకుందాం

చాలామంది రియలిస్టిక్ అంటే బొమ్మ అందంగా ఉండటం అనుకుంటారు, త్రీడీ, నీడలు, మెరుపులు అవన్నీ. వాటితో ఫిజిక్స్‌కి పనిలేదు. మన టెక్స్ట్‌బుక్కులో ప్రతి లెక్కా "గాలి నిరోధాన్ని వదిలెయ్యండి, తాడుకి బరువు లేదనుకోండి, ఫ్రిక్షన్ లేదనుకోండి" అని మొదలవుతుంది కదా, అలా తీసేసినవాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి చూపించగలిగితే అది రియలిస్టిక్ సిమ్యులేషన్. అంటే అందులో ప్రతి సంఖ్యకీ యూనిట్ ఉండాలి, బంతికి ఇన్ని కిలోల మాస్, ఇంత వ్యాసం, ఇంత డ్రాగ్ కోఎఫిషియెంట్ (గాలి ఎంత అడ్డుపడుతుందో చెప్పే సంఖ్య) అని మనం పెట్టగలగాలి, బ్యాటరీకి ఇంటర్నల్ రెసిస్టెన్స్ (బ్యాటరీ లోపలే ఉండే రెసిస్టెన్స్) ఇవ్వగలగాలి. ఇంకోటి, వెనక్కి తెచ్చినవాటిని మళ్ళీ ఆపేయగలగాలి కూడా, ఎందుకంటే అసలు నేర్చుకునేది ఆ రెండింటి మధ్య తేడాలోనే.

1. టాపిక్ కాదు, ఒక ప్రశ్న పట్టుకోండి

"రేపు ప్రొజెక్టైల్స్‌కి సిమ్యులేషన్ చూపిద్దాం" అనుకుంటే ఆ క్లాసు పోయినట్టే. "గాలి ఉంటే బంతి పైకి వెళ్ళడానికి ఎక్కువ టైం పడుతుందా, కిందికి రావడానికా?" ఇది ప్రశ్న. దీనికి బుక్కులో ఫార్ములా దొరకదు, బట్టీ పట్టిన జవాబు ఉండదు, క్లాసు కచ్చితంగా రెండు మూడు వర్గాలుగా చీలిపోతుంది. అలా చీలే ప్రశ్నే మనకి కావాల్సింది.

ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయంటే పాత పరీక్ష పేపర్లలో పిల్లలు పదేపదే చేసే తప్పుల్లో. కదులుతోందంటే కదిలే దిశలో ఫోర్స్ ఉండి తీరాలి అనుకోవడం, బల్బు కరెంటుని "తినేస్తుంది" కాబట్టి అవతలి వైపు తక్కువ కరెంటు వస్తుంది అనుకోవడం, బరువైన వస్తువు ఎప్పుడూ ముందే పడుతుంది అనుకోవడం (గాలి ఉన్నప్పుడు ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇది అంత తేలిగ్గా వదలదు, వాళ్ళ అనుభవం వాళ్ళకి అబద్ధం చెప్పలేదు మరి). ఒక్కో తప్పుకి ఒక్కో సిమ్యులేషన్ క్లాసు. సెమిస్టర్‌కి ఐదారు చాలు, ప్రతి క్లాసులో పెడితే పిల్లలకి విసుగొస్తుంది, మనకి ఓపిక అయిపోతుంది.

2. టూల్ ఎంచుకోవడం

రెడీగా ఉన్నవాటిలో మొదట చూడాల్సింది ఫెట్ (PhET). నోబెల్ వచ్చిన ఫిజిసిస్ట్ కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్‌లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది, అన్నీ ఫ్రీ, బ్రౌజర్లో నడుస్తాయి, ఫోన్లో కూడా. ప్రొజెక్టైల్ మోషన్, పెండ్యులమ్ ల్యాబ్, సర్క్యూట్లు కట్టే కిట్, ఈ మూడింటితో మొదలుపెట్టండి, సగం సెమిస్టర్ గడిచిపోతుంది. మెకానిక్స్‌కి బొమ్మ గీసి ఆడుకునేలా కావాలంటే ఆల్గోడూ ఉంది. వుల్ఫ్‌గ్యాంగ్ క్రిస్టియన్ వాళ్ళ ఓపెన్ సోర్స్ ఫిజిక్స్ కలెక్షన్‌లో కూడా వెతుక్కుంటే మంచివి చాలా ఉన్నాయి.

సొంతంగా రాసుకోవాలంటే విపైథాన్ (VPython), పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో త్రీడీ బొమ్మలు కదిలించే టూల్. 2000లో కార్నెగీ మెలన్‌లో డేవిడ్ షెరర్ అనే స్టూడెంట్ చేతిలో మొదలైంది, రూత్ చాబే, బ్రూస్ షెర్‌వుడ్ దాన్ని ఫస్టియర్ ఫిజిక్స్ కోర్సులోకి తెచ్చారు. ఇప్పుడు ఇన్‌స్టాల్ చేసే పని లేకుండా బ్రౌజర్లోనే రాసి రన్ చేసుకోవచ్చు. పైథాన్ అంటే భయమైతే మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు, నేను ఇప్పటికీ సగం పనులు అందులోనే చేస్తాను, ఒక్కో వరుస ఒక్కో క్షణం, లోపల ఏం జరుగుతోందో పిల్లలకి ప్రతి గడిలో కనపడుతుంది.

ఏది ఎంచుకున్నా ఒక పరీక్ష పెట్టండి: ఇందులో నేను మార్చగలిగేవి ఏంటి, కొలవగలిగేవి ఏంటి? మార్చడానికీ కొలవడానికీ ఏమీ లేకపోతే అది వీడియోనే, సిమ్యులేషన్ కాదు.

3. క్లాసుకి ముందు మీరు దాన్ని విరగ్గొట్టి చూడండి

ఇది అందరూ దాటేసే స్టెప్, నేను ఎక్కువ టైం పెట్టేది ఇక్కడే.

ముందు జవాబు మనకి పక్కాగా తెలిసిన కేసులు ఇచ్చి చూడాలి. గాలి ఆపేసి సెకనుకి 20 మీటర్ల వేగంతో 45 డిగ్రీల్లో విసిరితే 40.8 మీటర్లు వెళ్ళాలి, వెళ్ళిందా? మీటర్ పొడవు పెండ్యులమ్‌ని 5 డిగ్రీలు లాగి వదిలితే పీరియడ్ (ఒక ఊగు పూర్తవడానికి పట్టే టైం) 2.01 సెకన్లకి దగ్గర్లో రావాలి, వచ్చిందా? రాకపోతే అందులో సెట్టింగ్ ఏదో మనకి తెలియకుండా ఆన్‌లో ఉందన్నమాట, అది క్లాసులో బయటపడేకంటే ఇంట్లో బయటపడటం నయం.

తర్వాత అంచులకి తోయాలి. మాస్ దాదాపు సున్నా చేస్తే? డ్రాగ్ పూర్తిగా పెంచితే? పెండ్యులమ్‌ని 90 డిగ్రీలు లాగితే? ఆ చివరిది తప్పకుండా చేసి చూడండి. టెక్స్ట్‌బుక్ ఫార్ములాలో యాంప్లిట్యూడ్ (ఎంత లాగి వదిలాం) అనే మాటే లేదు, కానీ అసలు పెండ్యులమ్‌కి 90 డిగ్రీల దగ్గర పీరియడ్ 18 శాతం పెరుగుతుంది, మీటర్ పొడవుకి 2.01 కాస్తా 2.37 సెకన్లవుతుంది. 60 డిగ్రీలకి 7 శాతం చిల్లర. మీ సిమ్యులేషన్‌లో ఇది కనపడితే అది అసలు ఈక్వేషన్‌నే సాల్వ్ చేస్తోంది, కనపడకపోతే చిన్న కోణాల ఫార్ములాకి బొమ్మ తొడిగారు అంతే. ఒక్క నిమిషంలో తేలిపోయే టెస్ట్ ఇది.

సొంతంగా రాసినవాటికైతే ఇంకో ప్రమాదం ఉంది. కంప్యూటర్ కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా నడుస్తుంది, ఆ అడుగు ఎలా వేస్తున్నాం అనేదాన్నిబట్టి ఫిజిక్సే మారిపోవచ్చు. స్ప్రింగ్‌కి కట్టిన కిలో దిమ్మ తీసుకోండి, స్ప్రింగ్ కాన్‌స్టెంట్ మీటరుకి 4 న్యూటన్లు, ఫ్రిక్షన్ లేదు. పాత వేగంతో స్థానాన్ని, పాత స్థానంతో వేగాన్ని మార్చే మామూలు ఆయిలర్ పద్ధతిలో 0.1 సెకను అడుగు వేస్తే ప్రతి అడుగుకీ ఎనర్జీ 4 శాతం పెరుగుతుంది, ఒక్క ఊగు పూర్తయ్యేసరికి మూడు రెట్లు దాటిపోతుంది! ఎవరూ తోయకుండా దిమ్మ దానంతటదే ఎక్కువెక్కువ ఊగుతుంటుంది. అడుగుని 0.01కి తగ్గించినా ఒక్కో ఊగుకి 13 శాతం పెరుగుతూనే ఉంటుంది. మందు చాలా చిన్నది. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని మార్చాలి, అంటే ప్రోగ్రామ్‌లో రెండు లైన్ల వరస తారుమారు చేయాలి అంతే, అప్పుడు ఎనర్జీ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది గానీ పెరిగిపోదు. దీన్ని ఆయిలర్-క్రోమర్ అంటారు, ఆలన్ క్రోమర్ 1981లో దీని మీద పేపర్ రాశాడు. నేనైతే తప్పు వెర్షన్‌ని కావాలనే పిల్లలకిచ్చి "ఇందులో ఏ సూత్రం విరిగింది?" అని అడుగుతాను. ఎనర్జీ కన్జర్వేషన్ గురించి నేను బోర్డు మీద అరగంట చెప్పినదానికంటే ఆ దిమ్మ పిచ్చెక్కినట్టు స్క్రీన్ బయటికి వెళ్ళిపోవడం వాళ్ళకి బాగా గుర్తుంటుంది.

4. ఊహ ముందు రాయించండి, పెన్నుతో

మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. స్క్రీన్ ఆన్ చేసేముందు ప్రతి ఒక్కరూ ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో రాయాలి. పెన్సిల్ వద్దు, పెన్ను. చెరిపేసుకుంటే తాము ఏం అనుకున్నారో వాళ్ళే మర్చిపోతారు, జవాబు చూశాక "నేనూ అదే అనుకున్నా" అంటారు, నిజంగానే అలా నమ్ముతారు కూడా.

ఇది నా ఒక్కడి మాట కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజుర్ బృందం 2004లో ఇదే తేల్చింది. క్లాసులో డెమో ఊరికే చూసినవాళ్ళకీ అసలు చూడనివాళ్ళకీ అర్థమవడంలో పెద్ద తేడా కనపడలేదు, చూసేముందు ఏం జరుగుతుందో ఊహించినవాళ్ళు మాత్రం బాగా మెరుగ్గా చేశారు. ఆ ఊహించడానికి పట్టిన అదనపు సమయం రెండు నిమిషాలు. వాళ్ళు చేసింది నిజమైన వస్తువులతో చేసే డెమోలు, కానీ ప్రొజెక్టర్ మీద సిమ్యులేషన్‌కి కూడా ఇది అక్షరాలా వర్తిస్తుందని నా క్లాసులే నాకు చూపించాయి.

ఊహ ఎలా అడుగుతామన్నదాంట్లో కూడా కిటుకుంది. "ఏమవుతుంది?" అని అడిగితే "తగ్గుతుంది" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. గ్రాఫ్ గీయమనండి. వేగం-కాలం గ్రాఫ్ గీయమంటే దాచుకోవడానికి చోటుండదు, గీత వంగాలా, నేరుగా పోవాలా, ఎక్కడ సున్నా తాకాలి అన్నీ నిర్ణయించుకోవాల్సిందే. తర్వాత పక్కవాళ్ళతో రెండు నిమిషాలు వాదించుకోనివ్వండి, మనం మధ్యలో దూరకూడదు, మొహంలో కూడా జవాబు కనపడకూడదు (ఇది అనుకున్నంత తేలిక కాదు, సరైన జవాబు వినపడగానే మన తల దానంతటదే ఊగుతుంది).

5. ఒక క్లాసు మొత్తం, దగ్గర్నుంచి

ఇప్పుడు గాలిలో బంతి క్లాసు ఎలా నడుస్తుందో చెప్తాను. బంతి మాస్ 0.15 కిలోలు, వ్యాసం 7 సెంటీమీటర్లు, డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.5, గాలి సాంద్రత ఘనపు మీటరుకి 1.2 కిలోలు. సెకనుకి 40 మీటర్ల వేగంతో 45 డిగ్రీల్లో విసురుతున్నాం.

మొదట గాలి లేకుండా లెక్క చేయిస్తాను, నోటుబుక్కులో. 163 మీటర్లు వస్తుంది, గాల్లో 5.8 సెకన్లు ఉంటుంది, ఎత్తు 41 మీటర్ల దాకా. ఇక్కడిదాకా అందరికీ హాయిగా ఉంటుంది.

ఇప్పుడు ఊహ: గాలి ఆన్ చేస్తే ఎంత దూరం వెళ్తుంది? సంఖ్య రాయాలి. ఎక్కువమంది 150, 155 అని రాస్తారు, ఎందుకంటే బుక్కు ఇన్నేళ్ళూ "గాలిని వదిలెయ్యండి" అని చెప్పింది, వదిలెయ్యమన్నారంటే చిన్నదే అయ్యుంటుంది అని వాళ్ళ నమ్మకం. రన్ చేస్తే 88 మీటర్లు. క్లాసులో ఒక చిన్న నిశ్శబ్దం వస్తుంది అక్కడ, ఆ నిశ్శబ్దాన్ని పాడుచేయకండి.

వెంటనే వివరించొద్దు. "డ్రాగ్ ఫోర్స్ విసిరిన క్షణంలో ఎంత, బరువెంత, రెండూ పోల్చండి" అని అడగండి. బరువు 1.47 న్యూటన్లు. డ్రాగ్ ఆ వేగం దగ్గర దాదాపు 1.85 న్యూటన్లు. అంటే మనం వదిలెయ్యమన్నది గ్రావిటీ కంటే పెద్దది! ఇది లెక్కేసి వాళ్ళే చెప్పాలి, మనం చెప్తే అందులో రుచి పోతుంది.

ఆ తర్వాత మొదట అనుకున్న ప్రశ్న. పైకెళ్ళే టైం ఎక్కువా, దిగే టైం ఎక్కువా? ఊహలు మళ్ళీ పెన్నుతో. సిమ్యులేషన్‌లో పైకి 2.2 సెకన్లు, కిందికి 2.5 సెకన్లు వస్తుంది. ఎందుకు? కొందరు ఇక్కడ అద్భుతమైన వాదన తెస్తారు: ఏ ఎత్తు దగ్గర చూసినా దిగేటప్పుడు బంతి ఎనర్జీ ఎక్కేటప్పటికంటే తక్కువే, మధ్యలో గాలి లాగేసుకుంది కాబట్టి, అందుకే అదే ఎత్తులో దిగే వేగం తక్కువ, కాబట్టి దిగడానికి టైం ఎక్కువ. ఈక్వేషన్ ఒక్కటి కూడా సాల్వ్ చేయకుండా, కేవలం ఎనర్జీతో! ఇది ఎవరైనా స్టూడెంట్ తనంతట తాను చెప్పిన రోజు నాకు రాత్రి దాకా ఆ ఆనందం ఉంటుంది. ఎవరూ చెప్పకపోతే "ఎనర్జీ గ్రాఫ్ కూడా పెట్టి చూద్దామా" అని చిన్న దారి చూపిస్తాను, అంతకుమించి కాదు.

చివరి పది నిమిషాల్లో దారి ఆకారం. గాలి లేనప్పుడు సిమెట్రిక్ పారాబోలా, విసిరిన కోణంలోనే దిగుతుంది. గాలితో ఎక్కినప్పటికంటే నిటారుగా, దాదాపు 59 డిగ్రీల్లో దిగుతుంది. బంతి బాగా దూరం వెళ్ళాలంటే 45 డిగ్రీలే సరైనదా అనే ప్రశ్న ఇంటికి పంపిస్తాను, కాదు, ఇంకా తక్కువ కోణం కావాలి అని తేల్చుకుని వస్తారు, ఎంత తక్కువ అన్నది ఈ బంతి సంఖ్యలు మార్చితే మారుతుందని కూడా.

యాభై నిమిషాల క్లాసుకి ఇంతే. రెండు ఊహలు, రెండు రన్‌లు, రెండు లెక్కలు. ఇంకో మూడు స్లైడర్లు ఉన్నాయి కదా అని అవి కూడా కదిపితే ఏదీ మిగలదు.

6. లూప్ వాళ్ళచేతే రాయించండి

రెడీమేడ్ సిమ్యులేషన్లతో రెండు మూడు క్లాసులు అయ్యాక ఒక్కసారైనా లోపలి యంత్రాన్ని వాళ్ళచేత కట్టించాలి. ప్రతి అడుగులో మూడే పనులు: ఇప్పుడు బంతి మీద పనిచేస్తున్న బలాలన్నీ కూడు, ఆ మొత్తాన్ని మాస్‌తో భాగించి కాలపు అడుగుతో గుణించి వేగానికి కలుపు, కొత్త వేగాన్ని కాలపు అడుగుతో గుణించి స్థానానికి కలుపు. మళ్ళీ మొదటికి రా. ఇదే బంతికి, ఇదే స్ప్రింగ్‌కి, ఇదే సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహానికి. మార్చాల్సింది బలం ఉన్న ఒక్క లైనే. న్యూటన్ రెండో సూత్రం ఫార్ములా కాదు, రేపటిని లెక్కగట్టే యంత్రం అని పిల్లలకి ఒంటపట్టేది ఇక్కడే.

ఖాళీ స్క్రీన్ ఇవ్వకండి. మొత్తం ప్రోగ్రామ్ రాసి బలం లైన్ మాత్రం ఖాళీగా వదిలి ఇవ్వండి. ప్రోగ్రామింగ్ ఎప్పుడూ చేయనివాళ్ళు కామా ఎక్కడ పెట్టాలో తెలియక గంట పోగొట్టుకుంటే అందులో ఫిజిక్స్ ఏమీ లేదు. మొదటి మూడు అడుగులు క్యాలిక్యులేటర్‌తో చేతితో చేయించి, తర్వాత కంప్యూటర్ అవే సంఖ్యలు ఇస్తోందో లేదో చూడమనండి. చేత్తో చేసిన ఆ మూడు వరసలు లేకపోతే మిగతాదంతా వాళ్ళకి మాయలాగే ఉంటుంది.

7. అసలు వస్తువుని పక్కన పెట్టండి

సిమ్యులేషన్ ల్యాబ్‌కి బదులు కాదు, కానీ ల్యాబ్‌కి ముందు చేస్తే ల్యాబ్ మారిపోతుంది. కొలరాడోలో 2005లో వచ్చిన ఒక స్టడీ ఇక్కడ చెప్పుకోవాలి. డీసీ సర్క్యూట్ల ల్యాబ్‌లో కొందరికి నిజం బల్బులు, వైర్లు ఇచ్చారు, కొందరికి సిమ్యులేషన్ కిట్ మాత్రమే ఇచ్చారు. తర్వాత పరీక్షిస్తే సిమ్యులేషన్ వాడినవాళ్ళు కాన్సెప్టుల్లోనే కాదు, నిజం సర్క్యూట్ కట్టి అది ఎలా పనిచేస్తుందో వివరించడంలో కూడా ముందున్నారు. నాకు తోచిన కారణం ఏంటంటే, ల్యాబ్‌లో లూజు కనెక్షన్, కాలిపోయిన బల్బు, అయిపోయిన బ్యాటరీ, వీటి వెనక పరిగెత్తడంలోనే టైం అయిపోతుంది, ఆలోచించడానికి మిగలదు. కిట్‌లో నిమిషానికి మూడు సర్క్యూట్లు కట్టి చూడొచ్చు.

అలాగని అక్కడే ఆగిపోకూడదు. మెకానిక్స్‌కి ఫోన్ వీడియో తీయించి ట్రాకర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టించండి, డగ్లస్ బ్రౌన్ రాసింది, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ బంతి మీద క్లిక్ చేస్తూ పోతే స్థానం, వేగం గ్రాఫులు వచ్చేస్తాయి. ఫ్రేమ్‌లో తెలిసిన పొడవున్న ఒక స్కేలు కనపడాలి, అది బంతి కదిలే తలంలోనే ఉండాలి, కెమెరాని చేత్తో పట్టుకోకూడదు. తర్వాత ఆ చుక్కల మీద సిమ్యులేషన్ గీతని వేసి, డ్రాగ్ కోఎఫిషియెంట్ ఎంత పెడితే రెండూ కలుస్తాయో వెతకమనండి. పూర్తిగా ఎప్పుడూ కలవవు. ఎందుకు కలవలేదు అనేదే ల్యాబ్ రికార్డులో రాయాల్సిన అసలు విషయం, రిపోర్టులో నేను మార్కులన్నీ ఆ పేరాకే వేస్తాను.

8. సిమ్యులేషన్ చెప్పే అబద్ధాలు కూడా చెప్పండి

సర్క్యూట్ కిట్‌లో వైర్లలో ఎలక్ట్రాన్లు నీలం చుక్కల్లా ఉరుకుతుంటాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ పిల్లలు అదే వేగంతో నిజంగా పోతాయనుకుంటారు. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ పోతుంటే ఎలక్ట్రాన్ల సగటు డ్రిఫ్ట్ వేగం సెకనుకి 0.07 మిల్లీమీటర్లు, ఒక మీటర్ దాటడానికి నాలుగు గంటలకి అటూ ఇటూ పడుతుంది. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? చూశారా, అబద్ధం ఒప్పుకుంటే ఎంత మంచి ప్రశ్న వచ్చిందో.

ఇదే కిట్‌లో మామూలుగా బ్యాటరీ ఐడియల్‌గా ఉంటుంది, ప్యారలల్‌లో ఎన్ని బల్బులు కలిపినా ఒక్కటీ మసకబారదు. ఇంటర్నల్ రెసిస్టెన్స్ 1 ఓమ్ ఇచ్చి చూడండి. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు ఒకటి పెడితే దాని మీద 8.2 వోల్టులు, రెండోది ప్యారలల్‌లో కలిపితే 7.5, మూడోది కలిపితే 6.9. ఒక్కో బల్బు పవర్ 6.7 వాట్ల నుంచి 5.6కి, తర్వాత 4.8కి పడిపోతుంది. ఇంట్లో పెద్ద మోటర్ ఆన్ చేసినప్పుడు లైట్లు ఒక్కసారి డిమ్ అవ్వడం ఎవరో ఒకరు చూసే ఉంటారు, లైన్ రెసిస్టెన్స్‌లో వోల్టేజ్ పడిపోవడం కూడా ఇదే లెక్క.

మన బంతి క్లాసులో కూడా ఒక అబద్ధం ఉంది, డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.5 అని స్థిరంగా పెట్టేశాం, నిజానికి అది వేగంతో, బంతి ఉపరితలం గరుకుదనంతో మారుతుంది, తిరిగే బంతి పక్కకి కూడా వంగుతుంది. ఇది పిల్లలకి చెప్పేస్తాను. మోడల్ అంటే ఏది ఉంచాం ఏది వదిలాం అన్న నిర్ణయాల జాబితా, కాబట్టి ప్రతి సిమ్యులేషన్ షీటు చివర "ఇందులో ఏం లేదు?" అనే ప్రశ్న ఒకటి పెట్టండి.

9. నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది

"క్లాసు నచ్చిందా" అని అడగొద్దు, నచ్చిందనే అంటారు. సెమిస్టర్ మొదట్లో, చివర్లో ఒకే కాన్సెప్ట్ టెస్ట్ పెట్టండి. మెకానిక్స్‌కి 1992లో వచ్చిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ ఉంది, 30 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, ఒక్క లెక్క కూడా ఉండదు, తప్పు ఆప్షన్లన్నీ పిల్లలు నిజంగా అనుకునేవే. మొదటి టెస్టులో ఎంత ఖాళీ ఉందో అందులో ఎంత భాగం పూడ్చారు అనేది కొలత. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లో 6,500 మందికి పైగా స్టూడెంట్ల స్కోర్లు పోల్చితే, లెక్చర్ మాత్రమే విన్న క్లాసులు సగటున ఆ ఖాళీలో 0.23 వంతు పూడ్చాయి, పిల్లలు ఆలోచించి వాదించుకుని వెంటనే సరిచూసుకునే క్లాసులు 0.48 వంతు. ఆ వాదనా, ఆ సరిచూసుకోవడమే ఈ రెడీ టూల్స్‌తో మనం క్లాసులోకి తెస్తున్నది.

పరీక్షలో కూడా ఒక ప్రశ్న సిమ్యులేషన్ మీద రావాలి, లేకపోతే అది ఆటవిడుపు అని వాళ్ళే తీర్మానించేస్తారు. నేను గ్రాఫ్ ప్రింట్ చేసి ఇస్తాను, "ఈ రెండు గీతల్లో గాలి ఉన్నది ఏది, ఎలా చెప్తావు" అనో, "ఈ ఎనర్జీ గ్రాఫ్ చూసి ప్రోగ్రామ్‌లో తప్పుందో లేదో చెప్పు" అనో.

10. క్లాసు నడపడంలో వచ్చే చిన్న చిన్న తలనొప్పులు

కంప్యూటర్లు సరిపోవా? మంచిదే, ఒక స్క్రీన్‌కి ఇద్దరు ముగ్గురు ఉంటేనే మాట్లాడుకుంటారు, ఒక్కొక్కరికి ఒక్కోటి ఇస్తే గది నిశ్శబ్దంగా ఉంటుంది. మౌస్ పట్టుకున్నవాడు నిర్ణయాలు తీసుకోకూడదు, పక్కవాళ్ళు చెప్పింది చేయాలి, పది నిమిషాలకి చేతులు మారాలి. నెట్ మీద ఆధారపడొద్దు, ఫెట్ సిమ్యులేషన్లు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఆఫ్‌లైన్లో నడపొచ్చు. మొదటి ఐదు నిమిషాలు ఊరికే ఆడుకోనివ్వండి, ఎలాగూ ఆడతారు, వద్దంటే షీటు రాస్తూ దొంగచాటుగా ఆడతారు. షీటులో "ముందు ఇది నొక్కు, తర్వాత అది నొక్కు" అని వంటకం రాసినట్టు రాయకండి, అలా రాస్తే అన్నీ నొక్కి ఏమీ ఆలోచించకుండా పూర్తిచేసి ఇచ్చేస్తారు, నా మొదటి ఏడాది షీట్లన్నీ అలాంటివే, తర్వాత అన్నీ తిరగరాశాను.

ఇంకా ఒక పని. క్లాసు అయ్యాక పిల్లలు పెన్నుతో రాసిన ఊహల కాగితాలు తీసుకుని ఇంటికెళ్ళి చదవండి. జవాబు తప్పైనా కారణం బాగా రాసినవి రెండు మూడు పక్కన పెట్టుకోండి, పేరు చెప్పకుండా మర్నాడు క్లాసు వాటితోనే మొదలుపెట్టండి. వచ్చే ఏడాదికి ఏ ప్రశ్న పెట్టాలో కూడా ఆ కట్టలోనే దొరుకుతుంది, నా గాలి బంతి ప్రశ్న అలా దొరికిందే, ఒకరు మార్జిన్‌లో చిన్నగా "సార్, గాలి ఉంటే దిగేటప్పుడు లేటవుతుందా?" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.